ముందు చక్రం బేరింగు: నట్టు వెనక్కి తిప్పే ముందు హబ్బులో ఏముందో చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల సంరక్షణ గురించి వచ్చిన వ్యాసం చదివాం. బ్యాటరీ, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు గురించి చెప్పిన విషయాలు పనికొచ్చేవే. ముందు చక్రాల బేరింగుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, నట్టు గట్టిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, పిన్ను వేస్తే పని అయిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ సూత్రం కొన్ని కార్లకు వర్తిస్తుంది, కొన్నిటికి అస్సలు వర్తించదు. వర్తించని కారుకు ఇలా చేస్తే స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు) విరిగే దాకా పోవచ్చు. ఇంతమంది చదివే పత్రికలో వచ్చిన మాట కాబట్టి వివరంగా సరిదిద్దాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడుగైనా సరే, కొలతలు మాత్రం కత్తిరించకుండా వేయాలని మనవి.

పాత కార్ల ముందు హబ్బుల్లో (చక్రం బిగించే మధ్య భాగాల్లో) బేరింగులు అమర్చే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటి పద్ధతిలో రెండు టేపర్ రోలర్ బేరింగులు (ఒక వైపుకు సన్నబడే రోలర్లు ఉన్నవి) ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు, ప్లే, అంటే బేరింగులో ఉండే వదులు, అంతా నట్టుతోనే సరిచేస్తాం. 1960ల రెండో సగం నుంచి వచ్చిన వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఈ రకం. రెండో పద్ధతిలో అవే టేపర్ బేరింగుల మధ్య ఒక స్పేసర్ గొట్టం, దానికి తోడు షిమ్ములు, అంటే పల్చటి రింగు రేకులు ఉంటాయి. నట్టు పూర్తి బిగువుకు బిగించాలి, ప్లే వచ్చేది షిమ్ముల మందాన్ని బట్టే. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఈ రకం. మూడో పద్ధతిలో యాంగ్యులర్ కాంటాక్ట్ బాల్ బేరింగులు (పక్కబలాన్ని కూడా తట్టుకునే గుండ్ల బేరింగులు), వాటి మధ్య స్పేసర్ ఉంటాయి. అక్కడ సరిచేయడానికంటూ ఏమీ లేదు, నట్టు పూర్తిగా బిగించడమే. మోరిస్ మైనర్ కారు హబ్బు అలాంటిది.

మీ వ్యాసంలోని సూత్రం మొదటి రకానికి మాత్రమే, అదీ సుమారుగా పనికొస్తుంది. మిగతా రెండింటిలో నట్టును వదులు చేశామంటే బేరింగుల లోపలి రింగులను, స్పేసర్‌ను, యాక్సిల్‌ను ఒకే ముద్దగా పట్టి ఉంచే బిగువునే తీసేసినట్టు.

మరి అంబాసిడర్ సంగతేమిటని పాఠకులు అడుగుతారు. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన కారు. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 2014 దాకా, అర్ధ శతాబ్దానికి పైగా ఉత్తరపారాలో తయారు చేసింది. అంత కాలంలో ఇంజన్లు మారాయి, బ్రేకులు మారాయి. పైగా ఒక బండి హబ్బు తీసి ఇంకో బండికి వేయడం మన గ్యారేజీల్లో మామూలే. ప్రీమియర్ పద్మినిదీ అదే పరిస్థితి. కాబట్టి కారు పేరు చూసి పద్ధతి చెప్పేయకూడదు. హబ్బు విప్పి, లోపల బాల్ ఉందా రోలర్ ఉందా, మధ్యలో గొట్టం ఉందా, గొట్టం పక్కన షిమ్ములు ఉన్నాయా చూడాలి. బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకోవాలి. ఇంతకు ముందు చేసిన మెకానిక్ స్పేసర్ పారేసి ఉంటే అది కనబడదు. అందుకే ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చి చూసుకోవడం తప్పనిసరి.

అసలు బేరింగు పోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. బండి వేగంతో పాటు పెరిగే గుంయ్ మనే మోత వస్తుంటే, గేరు న్యూట్రల్‌లో పెట్టినా ఆ మోత మారకపోతే, ఇంజన్ సంగతి పక్కన పెట్టవచ్చు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడికి వంపు తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం ఎడమ బేరింగు మీద, ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడి బేరింగు మీద. తర్వాత జాకీ వేసి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ప్లే కనబడగానే బేరింగు అనేయకూడదు. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కగానే ప్లే పోతే అది బేరింగుదే, అలాగే ఉంటే చక్రం పక్కకు తిరిగే కీలుది, అంటే కింగ్ పిన్నుదో బాల్ జాయింటుదో. ఈ ఒక్క పరీక్ష చేయక బేరింగులు మార్చి, అదే ఊపుతో బండి తిరిగి ఇంటికి తీసుకెళ్లిన వాళ్లు చాలామంది. కాయిల్ స్ప్రింగు మీద ఒక చెయ్యి వేసి రెండో చేత్తో చక్రం తిప్పితే, చెవికి అందని గరుకు కూడా వేళ్లకు తెలుస్తుంది.

మన దగ్గర పాత కార్లలో తిరిగి తిరిగి అరిగిపోయిన బేరింగులకంటే నిలబడి పాడైనవే ఎక్కువ. 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇచ్చే 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అలా రిజిస్టరు చేసుకున్న బండిని రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శనకో ర్యాలీకో తీస్తారు, తర్వాత నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. రోలర్లు కదలకుండా ఒకే చోట ఆనుకుని ఉంటాయి. వాటికీ కప్పుకూ (బేరింగు బయటి రింగుకూ) మధ్య గ్రీజు పక్కకు జరిగిపోతుంది, తేమ చేరుతుంది, సరిగ్గా రోలర్లు ఆనిన చోటే నల్లటి అడ్డగీతలు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వరద నీళ్లు హబ్బు దాకా వస్తే మరీ ఘోరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన బండ్లు ఎన్నో. ఇంజన్ ఆయిలు మార్చి, సీట్లు ఆరబెట్టి, హబ్బులు విప్పకుండా వదిలేస్తే, గ్రీజులో కలిసిన నీళ్లు బేరింగును లోపలే తినేస్తాయి. గ్రీజు పాలలా తెల్లగా మారి ఉంటే నీళ్లు చేరినట్టే.

ఇక విప్పడం. సమతలమైన గట్టి నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, స్టాండ్ల మీద ఎక్కించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని చేసే పని కాదు. డ్రమ్ము బ్రేకులైతే ముందు అడ్జస్టరు వదులు చేయాలి, లేకపోతే డ్రమ్ములో పడ్డ గాడికి షూ అడ్డుపడి హబ్బు రాదు. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. డిస్కు బ్రేకులైతే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి, తీగతో పైకి కట్టాలి. హోసు మీద వేలాడదీస్తే హోసు లోపల చిట్లుతుంది, ఆ సంగతి బయటికి కనబడదు. ఎంజీబీకి తీగ చక్రాలు ఉంటే స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా అడ్డంగా వేసే రెండు కాళ్ల పిన్ను) హబ్బు పక్కనున్న రంధ్రంలోంచి తీయాలి. ఆ రంధ్రం మట్టితో, గ్రీజుతో పూడిపోయి ఉంటుంది, ముందు శుభ్రం చేసుకోవాలి.

బీటిల్ యజమానులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎడమ చక్రం నట్టుకు ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక పొడుగు పైపు తొడిగి బలం పెట్టి మరలు చెడగొట్టిన యాక్సిళ్లు చాలా ఉన్నాయి. రెండోది, స్పీడోమీటరు కేబులు ఎడమ స్టబ్ యాక్సిల్ గుండా వచ్చి డస్ట్ క్యాపులోని చతురస్రపు రంధ్రంలో దిగుతుంది. కేబులు చివర ఉన్న చిన్న పిన్నో క్లిప్పో తీశాకే క్యాపు ఊడదీయాలి.

తీసిన బేరింగును కిరోసిన్‌లో కడిగి ఆరనివ్వాలి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టే అలవాటు మానుకోవాలి. గ్రీజు లేని బేరింగు ఆ వేగానికి గీతలు పడుతుంది, రోలరు ఎగిరి కంటికి తగలవచ్చు. ఆరాక కప్పు లోపలి ముఖం వెలుగులో చూస్తే అది ఎలా పాడైందో తెలిసిపోతుంది. చిన్న చిన్న గుంటలు పడి లోహం పొరలుగా లేచి ఉంటే అది అలసట, ఆ బేరింగు వయసు అయిపోయింది. రోలర్ల మధ్య దూరానికి సరిపడా వరసగా నొక్కులు ఉంటే సుత్తి దెబ్బలు తిన్నదో, గుంటలో గట్టిగా పడ్డదో. నీలి రంగు, ముదురు గోధుమ రంగు వచ్చి ఉంటే అతిగా బిగించారు, లేదా గ్రీజు లేదు. కప్పు ఒక పక్కనే అరిగి, ఎదురు పక్క మెరుస్తూ ఉంటే కప్పు వంకరగా దిగింది. ఈ చివరిది కొత్త బేరింగు వేసినా మళ్లీ వస్తుంది కాబట్టి కప్పు కూర్చునే భుజం (హబ్బు లోపలి మెట్టు) మీద చెత్త గానీ, పాత పంచ్ దెబ్బకు లేచిన లోహపు మొన గానీ ఉందేమో వెతకాలి.

కప్పు బాగానే ఉందని కోన్ (రోలర్లతో ఉండే లోపలి రింగు) మాత్రమే కొత్తది వేయడం తప్పు. రెండూ ఒకదానికొకటి అరిగి కుదురుకున్నవి. పాత కప్పు మీద కొత్త రోలర్లు పూర్తి వెడల్పున ఆనవు, బరువంతా ఒక సన్నటి గీత మీద పడుతుంది. ఒక హబ్బులో లోపలిదీ బయటిదీ రెండూ, కప్పులతో సహా మార్చాలి. కొనేటప్పుడు పాత బేరింగు మీది నంబరు పూర్తిగా చూపించాలి. ‘అదే సైజు’ అని ఇంకోటి ఇస్తే లోపలి వ్యాసం, బయటి వ్యాసం సరిపోయినా, చివరి అక్షరాల్లో తేడా వల్ల లోపలి అంచు వంపు మారవచ్చు. స్టబ్ యాక్సిల్ మూలలో ఉండే వంపు కంటే బేరింగు అంచు వంపు చిన్నదైతే, బేరింగు భుజం దాకా దిగదు. బిగించినప్పుడు దిగినట్టే ఉంటుంది, వంద కిలోమీటర్లు తిరిగేసరికి ప్లే వస్తుంది. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ బేరింగులు వస్తున్న రోజులివి. డబ్బా కాదు, బేరింగు మీది ముద్ర చూడాలి. అక్షరాలు మసకగా, వంకరగా ఉన్నా, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) చేత్తో కదిపితే గలగలమన్నా, ధర మిగతా షాపుల్లో సగమే ఉన్నా వద్దని వచ్చేయడమే. సీలు, స్ప్లిట్ పిన్ను అదే రోజు కొనాలి. వీటిని పాతవే వేసుకోవచ్చన్న ఆలోచనే రానివ్వకూడదు.

పాత కప్పులు హబ్బులోంచి బయటికి కొట్టడానికి లోపల రెండు మూడు చోట్ల గాడులు ఉంటాయి. ఇత్తడి లేదా మెత్తటి ఇనుప పంచ్‌ను అక్కడ ఆనించి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క చిన్న దెబ్బలు వేస్తూ దించాలి. ఒకే పక్క కొడితే కప్పు అడ్డం తిరిగి హబ్బు గోడను గీరేస్తుంది. కొత్త కప్పులను రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, హబ్బును మరుగుతున్న నీళ్లలో వేడి చేసి పూర్తిగా తుడిచి ఆరబెడితే సగం పని దానంతటదే అవుతుంది. పాత కప్పునే గ్రైండరుతో బయట కాస్త అరగదీసి, ఒక చోట నిలువుగా కోస్తే, కొత్త కప్పును కొట్టడానికి మంచి దిమ్మె తయారవుతుంది. కోయకపోతే అది కూడా లోపల ఇరుక్కుంటుంది. కప్పు వెడల్పు నోరు హబ్బు బయటి వైపు ఉండాలి, రెండు పక్కలా అంతే. కప్పు భుజానికి తగలగానే సుత్తి శబ్దం మారుతుంది, అప్పటిదాకా ఖంగుమన్నది ధబ్బుమంటుంది. ఆ శబ్దంతో ఆగక 0.05 మిల్లీమీటరు ఫీలర్ గేజీ (సందు కొలిచే పల్చటి రేకు) కప్పు వెనకకు దూరుతుందేమో గాడుల్లోంచి చూడాలి. దూరితే ఇంకా కూర్చోలేదు.

కప్పు చేత్తోనే దిగిపోతే సంతోషించే పని కాదు. హబ్బు అరిగిందన్నమాట. అలాంటప్పుడు హబ్బు లోపల సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెచ్చే పద్ధతి మన వర్క్‌షాపుల్లో ఉంది. ఆ చుక్కల మొనలు నాలుగు రోజుల్లో చదునైపోయి కప్పు మళ్లీ తిరుగుతుంది, ఈలోగా హబ్బు ఇంకా పెద్దదవుతుంది. వదులు చాలా తక్కువైతే బేరింగు బిగింపు కోసం చేసిన రిటైనింగ్ ద్రవం వాడవచ్చు, ఎక్కువైతే హబ్బు మార్చాల్సిందే. స్టబ్ యాక్సిల్‌ను కూడా ఈ సమయంలోనే చూడాలి. సీలు తిరిగే చోట గోటికి తగిలే గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. యాక్సిల్ మొదట్లో వంపు దగ్గర పగులు ఉందేమో ఎర్ర రంగు డై పరీక్షతో చూడటానికి పెద్ద ఖర్చు కాదు. యాభై ఏళ్ల నాటి యాక్సిల్‌కు ఇది చేయకుండా తిరిగి బిగించకూడదని మా గట్టి అభిప్రాయం.

గ్రీజు విషయంలో పొరపాట్లు రెండు రకాలు: తప్పు గ్రీజు, ఎక్కువ గ్రీజు. చాసిస్ నిపుల్స్‌కు (గ్రీజు పట్టించే చిన్న నోళ్లకు) కొట్టే కాల్షియం గ్రీజు సుమారు 100 డిగ్రీల దగ్గరే కరిగి కారుతుంది. డిస్కు బ్రేకు వేడి అంతకు మించి హబ్బుకు ఎక్కుతుంది. లిథియం కాంప్లెక్స్ రకం, చిక్కదనంలో ఎన్ఎల్‌జీఐ 2 లేదా 3 గ్రేడు, డబ్బా మీద వీల్ బేరింగులకు అని రాసి ఉన్నది వాడాలి. పాత గ్రీజు మీద కొత్తది పూయకూడదు, రెండు రకాలు కలిస్తే పల్చబడి కారిపోవచ్చు. అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు తీసుకుని, బేరింగు వెడల్పు పక్కను దానికేసి నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలి పక్కకు వచ్చేదాకా కూరాలి. పైన పూసి ఊరుకుంటే కేజ్ లోపల పొడిగానే ఉంటుంది. రెండు కప్పుల మధ్య హబ్బు ఖాళీలో మూడో వంతు, మహా అయితే సగం నింపితే చాలు. నిండా కూరితే తిరుగుతున్నప్పుడు చిలికినట్టయి వేడెక్కి, సీలు దాటి బ్రేకు షూల మీదికి చేరుతుంది. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. డస్ట్ క్యాపులో గ్రీజు నింపాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు ఎంజీబీ షిమ్ముల సంగతి. ఇంతకీ ఈ ఉత్తరం రాసిందే దీని కోసం. వరస ఇది: స్టబ్ యాక్సిల్ మీద సీలు కాలరు, లోపలి బేరింగు, స్పేసర్, షిమ్ములు, బయటి బేరింగు, నాలుక ఉన్న వాషరు, నట్టు. స్పేసర్ వెడల్పు చివర లోపలి బేరింగు వైపు ఉండాలి. నట్టు బిగించినప్పుడు ఒత్తిడి బయటి బేరింగు లోపలి రింగు నుంచి షిమ్ములకు, స్పేసర్‌కు, లోపలి బేరింగు రింగుకు, అక్కడి నుంచి యాక్సిల్ భుజానికి చేరుతుంది. రోలర్ల మీద ఆ ఒత్తిడి పడదు. ఇదంతా ఒక్కటై యాక్సిల్‌కు వెన్నుదన్నుగా నిలుస్తుంది. మలుపులో పక్కబలం పడ్డప్పుడు సన్నటి యాక్సిల్ ఒక్కటే వంగకుండా ఈ గొట్టం ఆపుతుంది, లోపలి రింగులు యాక్సిల్ మీద మెల్లగా జారి అరగకుండానూ ఆపుతుంది. స్పేసర్, షిమ్ములు తీసి పారేసి నట్టును వేళ్ల బిగువులో వదిలితే చక్రం హాయిగానే తిరుగుతుంది. ఆ రోజు ఏ తేడా తెలియదు. ప్రతి మలుపులో యాక్సిల్ వంగి లేస్తూ, వంపు దగ్గర అలసట పగులు మొదలవుతుంది.

ఎండ్ ప్లే, అంటే హబ్బు యాక్సిల్ వెంట లోపలికీ బయటికీ కదిలే దూరం, 2 నుంచి 4 థౌ మధ్య ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు కాబట్టి 0.05 నుంచి 0.10 మిల్లీమీటరు. నట్టు బిగువు 40 నుంచి 70 పౌండ్ అడుగులు, అంటే సుమారు 54 నుంచి 95 న్యూటన్ మీటర్లు. షిమ్ములు 3, 5, 10 థౌ మందాల్లో దొరుకుతాయి. కొత్త బేరింగుల మందంలో స్వల్ప తేడా ఉంటుంది కాబట్టి పాత షిమ్ములే వేస్తే సరిపోతుందనుకోకూడదు, ప్రతిసారీ కొలవాలి.

కొలిచేటప్పుడు సీలు, గ్రీజు వద్దు. సీలు రాపిడి, గ్రీజు చిక్కదనం కొలతను తప్పు చూపిస్తాయి. బేరింగులకు పల్చటి నూనె రాసి, కావాల్సిన దానికంటే ఎక్కువ షిమ్ములు వేసి, హబ్బు తిప్పుతూ నట్టును బిగువు కొలిచే టార్క్ రెంచితో 40 పౌండ్ అడుగులకు బిగించాలి. షిమ్ములు ఎక్కువ వేయడానికి కారణం ఉంది. తక్కువ వేస్తే నట్టు బిగువంతా రోలర్ల మీద పడి, కొత్త కప్పు మీద మొదటి రోజే నొక్కులు పడతాయి. స్వల్ప కదలికను కొలిచే డయల్ గేజీని కాలిపర్ బిగించే చోటుకు కట్టి, దాని ముల్లు హబ్బు ముఖానికి ఆనించి, హబ్బును లోపలికి నొక్కి, బయటికి లాగి తేడా చూడాలి. ఊపకూడదు, నేరుగా లాగాలి. ఉదాహరణకు 13 థౌ వచ్చిందనుకుందాం. నట్టు విప్పి 10 థౌ షిమ్ము ఒకటి తీస్తే 3 థౌ మిగులుతుంది, సరిపోయింది. 9 థౌ వస్తే 3 థౌ షిమ్ములు రెండు తీయాలి. తీశాక మళ్లీ బిగించి మళ్లీ కొలవాలి, లెక్క సరిపోయిందని వదిలేయకూడదు. సరిపోయాక అంతా విప్పి, గ్రీజు కూరి, సీలు వేసి, అదే వరసలో బిగించాలి. డయల్ గేజీ లేనివాళ్లు ఏ లేత్ షాపులో అడిగినా దొరుకుతుంది.

పిన్ను రంధ్రం నట్టు గాడికి కలవకపోతే ఏం చేయాలన్న దగ్గర రెండు పద్ధతులూ పూర్తిగా ఎదురు. ఎంజీబీలో ఎప్పుడూ బిగించే వైపే జరగాలి. 40 నుంచి 70 దాకా ఇచ్చింది అందుకే, ఆ మధ్యలో ఎక్కడో గాడి కలుస్తుంది. 70 దాకా బిగించినా కలవకపోతే వాషరు మార్చి చూడాలి తప్ప నట్టు వెనక్కి తిప్పకూడదు. స్పేసర్ లేకుండా, గాడుల నట్టు ఉన్న కార్లలో మాత్రం వదులు చేసే వైపు జరపాలి, బిగించే వైపు జరిపితే ప్లే పోయి బేరింగు కాలిపోతుంది. మీ వ్యాసంలో ఈ తేడా గురించి ఒక్క ముక్క అయినా ఉండాల్సింది.

ఎంజీబీలో ప్లే ఎక్కువైతే ఇంకో ఇబ్బంది ఉంది. డిస్కు ఊగి బ్రేకు ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. మలుపు దాటాక మొదటిసారి బ్రేకు తొక్కితే పెడలు సగం దాకా దిగిపోతుంది, రెండోసారి మామూలుగా ఉంటుంది. ఇది మాస్టర్ సిలిండరు లోపమనుకుని డబ్బు తగలేసేవాళ్లు ఉన్నారు. ముందు బేరింగు ప్లే చూడాలి. కాలిపర్ బోల్టులు తిరిగి 40 నుంచి 45 పౌండ్ అడుగులకు బిగించి, లాక్ రేకు మడవాలి.

బీటిల్ పని తేలిక. ఎండ్ ప్లే 0.03 నుంచి 0.12 మిల్లీమీటరు. క్లాంప్ నట్టుకు ఉన్న ఆలెన్ స్క్రూ వదులు చేసి, చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తే బేరింగులు కుదురుకుంటాయి. తర్వాత నట్టును కొద్దికొద్దిగా వదులు చేస్తూ, దాని వెనకున్న వాషరును స్క్రూడ్రైవరు మొనతో పక్కకు నెట్టి చూడాలి. మెలి పెట్టకుండా, వేలి బలంతో నెడితే వాషరు కదలాలి. అక్కడ ఆపి ఆలెన్ స్క్రూ బిగించి, మళ్లీ ఒకసారి నెట్టి చూడాలి, ఎందుకంటే స్క్రూ బిగించేటప్పుడు నట్టు కాస్త జరుగుతుంది. దీనికి పావు చుట్టు లెక్క అక్కర్లేదు. మర సన్నదా ముతకదా అన్నదాన్ని బట్టి పావు చుట్టుకు వచ్చే ప్లే మారిపోతుంది. ఉదాహరణకు 1.5 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టును పావు చుట్టు తిప్పితే 0.375 మిల్లీమీటరు వెనక్కి వస్తుంది. గట్టిగా బిగించినప్పుడు భాగాలు నొక్కుకున్నంత మేరకు అందులో కొంత పోయినా, మిగిలేది 0.12 దాటే ప్రమాదం చాలా ఎక్కువ.

మోరిస్ మైనర్ బాల్ బేరింగులకు ఒక వైపే పక్కబలాన్ని ఆపే శక్తి ఉంటుంది. థ్రస్ట్ అని రాసి ఉన్న ముఖం మధ్యలోని స్పేసర్ వైపు ఉండేలా రెండిటినీ వేయాలి. తిరగేసి వేస్తే బేరింగు చేతుల్లోనే విడిపోతుంది, లేదా కొద్ది రోజులకే నలిగిపోతుంది. స్పేసర్ రెండు చివరలూ చదునుగా ఉన్నాయో లేదో అద్దం మీద నిలబెట్టి చూసి, నట్టును మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు పూర్తిగా బిగించాలి. అలా బిగించాక ప్లే ఉంటే అది నట్టుతో పోయేది కాదు, బేరింగో స్పేసరో అరిగింది.

సీలు వేసేటప్పుడు పెదవి బేరింగు వైపు ఉండాలి, పెదవికి గ్రీజు రాయాలి, చదునైన చెక్క ముక్కతో నలువైపులా సమంగా కొట్టాలి. ఇంకా పాత కార్లలో ఫెల్టు సీలు ఉంటుంది, దాన్ని వేసే ముందు నూనెలో నాననివ్వాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రానికి నిండుగా పట్టే సైజుది కొత్తది వేసి, కాళ్లు రెండు పక్కలకూ మడిచి, డస్ట్ క్యాపుకు తగలకుండా కత్తిరించాలి. మేకు ముక్క, తీగ ముక్క పెట్టిన హబ్బులు ఈనాటికీ వర్క్‌షాపులకు వస్తున్నాయి. చక్రం యాక్సిల్ మీద నిలవడానికి ఉన్న చివరి అడ్డు ఆ పిన్నే.

పది కిలోమీటర్లు తిప్పాక బండి ఆపి, బ్రేకు డ్రమ్మును గానీ డిస్కును గానీ ముట్టుకోకుండా, హబ్బు మధ్యలో డస్ట్ క్యాపు మీద వేలు పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. వేలు పెట్టలేనంత కాలితే అక్కడితో ఆపి, చల్లారాక ప్లే చూడాలి. రెండు పక్కల వేడి పోల్చి చూడటం ఇంకా నమ్మకమైన పరీక్ష. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ జాకీ వేసి ప్లే కొలవాలి. కొత్త కప్పులు కుదురుకోవడం వల్ల కొంచెం పెరగవచ్చు. బీటిల్‌లో అయితే నట్టుతో సరిచేయవచ్చు. ఎంజీబీలో 4 థౌ దాటితే నట్టు మీద చెయ్యి వేయకుండా, విప్పి కప్పులు భుజం దాకా దిగాయో లేదో చూసి, మళ్లీ కొలిచి, ప్లే 2 నుంచి 4 థౌ మధ్యకు వచ్చేలా షిమ్ములు సరిచేయాలి.

ఇట్లు,
పాత కార్ల మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ